మూడో చక్రం తోడుంటే...

బండి నడపాలని ఉంటుంది. ఎక్కితే చేతులు వణుకుతాయి. ఆపితే ఎక్కడ పక్కకు ఒరిగిపోతామోనని గుండె దడ. ఇలాంటివారికి మూడు చక్రాల బండి ఎంతవరకు అండ? ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచుల దాకా ఉన్న దారుల మీద ఆ మూడో చక్రం ఏం చేయగలదు? ఏం చేయలేదు?

సోమవారం ఉదయం. భద్రాచలం ఐటీడీఏ కార్యాలయం ముందు సందడి. గిరిజన దర్బార్ రోజు కదా... చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు, ఇంకా లోపలి గూడేల నుంచి అర్జీలు పట్టుకుని జనం వస్తుంటారు. ఆటోలు, బస్సులు దిగేవాళ్లు కొందరు. మోటారు సైకిల్ వెనక కూర్చుని వచ్చేవాళ్లు కొందరు. వాళ్ల మధ్యలోంచి నెమ్మదిగా వచ్చి ఆగుతుంది ఓ స్కూటరు. వెనక చక్రానికి అటొకటి, ఇటొకటి చిన్న చక్రాలు. పక్కన తాడుతో కట్టిన ఊతకర్రలు. బండి ఆగినా నడిపే మనిషి కాలు కింద పెట్టడు. పెట్టాల్సిన పనిలేదు. తీరిగ్గా కర్రలు విప్పుకుని, అర్జీ కాగితం జేబులో సర్దుకుని లోపలికి వెళ్తాడు.

ఎవరినీ బతిమాలలేదు. 'అన్నా, కొంచెం బండెక్కించుకుంటవా?' అని దారిలో నిలబడి అడగలేదు. ఆ మూడో చక్రం ఇచ్చింది అదే!

అదే ఆవరణలో చెట్టు కింద మరొకామె. నలభై దాటిన వయసు. అంగన్‌వాడీ టీచరో, ఆశా కార్యకర్తో, పొదుపు సంఘం లెక్కలు చూసే అక్కో... ఈ దారుల్లో ఇలాంటివారు ఊరికొకరు కనిపిస్తారు. ఇంట్లో స్కూటీ ఉంది. కానీ నడిపేది కొడుకు. ఆమెకు కాళ్లు బాగానే ఉన్నాయి, భయమే పోలేదు. ఆ బండి వంక చూస్తూ పక్కనున్న మనిషితో అంటుంది... 'అట్లాంటి చక్రాలు మా బండికి కూడా పెట్టిస్తే నేనూ నడుపుతా తమ్ముడూ!'

నిజంగా నడపగలదా? జవాబు చెప్పాలంటే ముందు ఆ చక్రం సంగతేమిటో చూడాలి.

పేరుకు మూడు... లెక్కకు నాలుగు

మనదగ్గర 'మూడు చక్రాల స్కూటర్' అంటే చాలావరకు మామూలు గేరులేని స్కూటరే. దాని వెనక చక్రానికి రెండు వైపులా ఇనుప చట్రంతో అదనపు చక్రాలు బిగిస్తారు. లెక్కపెడితే నాలుగు! అయినా జనం నోట అది మూడు చక్రాల బండే. ఒకప్పుడు బజాజ్, లాంబ్రెట్టా స్కూటర్లకు పక్కన తొట్టి కట్టి అందులో భార్యాపిల్లల్ని కూర్చోబెట్టుకునేవారు. అది మరో రకం. వెనక రెండు చక్రాల ఇరుసుతో అసలే మూడు చక్రాల మీద నడిచేలా ఫ్యాక్టరీలో తయారైన బండ్లు ఇంకో రకం.

ఈ చక్రాల బండ్లను ఎక్కువగా నడుపుతున్నది పోలియోతో కాలు చచ్చుబడినవారు, ప్రమాదాల్లో కాలు పోగొట్టుకున్నవారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వారిలో దాదాపు 54 లక్షల మందికి కదలికలకు సంబంధించిన వైకల్యమే. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న భారత్ సహా ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో నుంచి బయటపడినట్టు ధ్రువీకరణ వచ్చింది. జబ్బు పోయింది. కానీ అంతకుముందు దాని బారిన పడిన తరం ఇప్పుడు నడి వయసులో ఉంది. వాళ్లకు పొలం, ఆఫీసు, ఆస్పత్రి, సంత... అన్నీ కావాలి.

అడవి అంచున ఈ అవసరం మరింత ఎక్కువ. ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం 120 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడిదాకా బస్సులకు లోటు లేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు కూడా లేదు. అయితే బస్సు ఆగేది రోడ్డు మీద. గూడెం ఉండేది లోపల. ఆ మిగిలిన నాలుగైదు కిలోమీటర్లే అసలు ప్రయాణం!

భయం ఎక్కడ పుడుతుంది?

రెండు చక్రాల బండికి ఓ చిత్రమైన గుణం ఉంది. వేగంగా వెళ్తున్నప్పుడు తనంతట తాను నిలబడుతుంది. నెమ్మదించేకొద్దీ ఒరగడం మొదలుపెడుతుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా పడేది హైవే మీద కాదు... ఇంటి ముందు బండి తిప్పుకునేటప్పుడు, స్పీడ్ బ్రేకర్ దగ్గర, కూడలిలో ఆగేటప్పుడు. కాలు నేలకు సరిగ్గా ఆనకపోతే భయం రెట్టింపు. వెనక పిల్లాడో, బియ్యం బస్తానో ఉంటే ఇక చెప్పేదేముంది?

మూడో చక్రం ఈ భయాన్ని ఒక్క దెబ్బకు తీసేస్తుంది. బండి ఆగినా నిలబడే ఉంటుంది. నడక వేగంతో వెళ్లినా ఒరగదు. కాలితో పని లేదు. ఇంతవరకూ లాభమే.

చిక్కంతా మలుపులో ఉంది. రెండు చక్రాల బండి మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు వాలుతుంది. మనకు తెలియకుండానే ఒళ్లు కూడా దాంతోపాటు వాలుతుంది. బయటికి నెట్టే బలాన్ని ఆ వాలే తట్టుకుంటుంది. పక్క చక్రాలు బిగించిన బండి వాలలేదు. ఆటోలాగే నిటారుగా తిరగాలి. వేగం ఎక్కువైతే లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. మలుపు మధ్యలో గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ముందున్న ఒక్క చక్రం మీదికి వస్తుంది. బోల్తా కొట్టడానికి అంతకంటే ఏం కావాలి?

పక్కన తొట్టి కట్టిన బండిదైతే మరో తిక్క. మనదేశంలో తొట్టి ఎడమవైపు ఉంటుంది. ఎడమకు వేగంగా తిరిగితే ఖాళీ తొట్టి పైకి లేస్తుంది. కుడికి తిరిగితే అంత ఇబ్బంది ఉండదు. అంటే ఒకే బండి రెండు మలుపుల్లో రెండు రకాలుగా ప్రవర్తిస్తుందన్నమాట.

సారాంశం ఒక్కటే. మూడో చక్రం 'ఆగినప్పటి' భయాన్ని తీసేసి, 'తిరిగేటప్పటి' జాగ్రత్తను అడుగుతుంది. ఆ సంగతి తెలిసి నడిపేవారికి అది నేస్తం. తెలియనివారికి, ముఖ్యంగా రెండు చక్రాల మీద అలవాటుపడి దీనిమీదికి మారినవారికి, అపాయం.

ప్రపంచం నేర్చుకున్న పాఠం

బండి అంటే జంకేవాళ్లు మనదగ్గరే ఉన్నారనుకుంటే పొరపాటు. బ్రిటన్లో బీఎస్ఏ కంపెనీ 1970లో 'ఏరియల్ 3' అనే బుల్లి మూడు చక్రాల మోపెడ్ తెచ్చింది. మోటారు సైకిల్ జోలికి పోనివారిని, ముఖ్యంగా గృహిణులను ఆకట్టుకోవాలన్నది ఆలోచన. వెనక రెండు చక్రాలు నేలమీదే ఉండి, ముందు భాగం మాత్రం మలుపులో వాలేలా దాన్ని తయారుచేశారు. జనం కొనలేదు. కంపెనీకి నష్టమే మిగిలింది. ఆ ఆలోచన మాత్రం చావలేదు. హోండా ఆ హక్కులు తీసుకుని 1980ల్లో 'గైరో' బండ్లు చేసింది. జపాన్ వీధుల్లో పిజ్జాలు, సరుకులు ఇంటింటికీ చేర్చే పనికి అవి బాగా అచ్చొచ్చాయి. భయస్తుల కోసం పుట్టిన ఆలోచన బరువులు మోసేవారి దగ్గర గెలిచిందన్నమాట!

అడవి దారులకు సంబంధించిన పాఠం అమెరికాది. పెద్ద గుండ్రటి టైర్లతో ఎక్కడైనా వెళ్లే మూడు చక్రాల బండిని హోండా 1970లో అక్కడి మార్కెట్లోకి తెచ్చింది. ముందు ఒకటి, వెనక రెండు చక్రాలు. చూస్తే ఎంతో నిలకడగా ఉన్నట్టుండేది. అందుకే పిల్లలు కూడా ఎక్కేశారు. గుట్టల మీద, మలుపుల్లో బోల్తాలు పెరిగాయి. చివరికి ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం మేరకు 1988 నాటికి కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేశాయి. వాటి స్థానాన్ని నాలుగు చక్రాలవి తీసుకున్నాయి. 'పడదులే' అన్న ధీమాయే పడేసిందన్నమాట.

ఆ తర్వాత ఇటలీ కంపెనీ పియాజియో 2006లో 'ఎంపీ3' తెచ్చింది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మలుపులో మూడూ కలిసి వాలుతాయి. ఆగినప్పుడు మీట నొక్కితే బిగుసుకుని నిటారుగా నిలబడతాయి. భయస్తుడికి కావాల్సిన రెండూ ఒకే బండిలో! 2014లో యమహా 'ట్రైసిటీ' కూడా ఇదే బాటలో వచ్చింది. యూరప్ నగరాల్లో వీటికి గిరాకీ ఉన్నా, మన ఊళ్ల షోరూముల్లో ఇవి కనిపించవు.

మొరం రోడ్డు పరీక్ష

తారు రోడ్డు మీద ఒక లెక్క. అడవి అంచున మరో లెక్క. భద్రాచలం నుంచి చర్ల 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెద్ద రోడ్డు బాగానే ఉంటుంది. దాన్ని వదిలి గూడేనికి మళ్లగానే మొరం, గులకరాళ్లు, వాగుల మీద లో లెవెల్ చప్టాలు మొదలవుతాయి. ఇక్కడ మూడో చక్రానికి కొత్త కష్టాలు.

రెండు చక్రాల బండి నేలమీద ఒకే గీత గీస్తుంది. గుంతను తప్పించుకోవడం తేలిక. పక్క చక్రాల బండి మూడు గీతలు గీస్తుంది. ఒక గుంత తప్పిస్తే రెండోది దొరుకుతుంది. ట్రాక్టర్లు తిరిగి పడిన గాళ్లలో అయితే మరీ ఇబ్బంది. మధ్య చక్రం గాడిలోకి దిగి, పక్క చక్రాలు గట్ల మీద నిలబడితే... ఇంజిన్ బలం అందే చక్రానికి నేల అందదు. అక్కడే గిర్రున తిరుగుతుంది. బండి కదలదు. వానాకాలం బురదలో ఈ అవస్థ అనుభవించినవారికే తెలుస్తుంది.

రోడ్డు అంచుకు వాలుగా ఉన్నా బండి మొత్తం ఆ వైపు ఒరిగి హ్యాండిల్ని అటే లాగుతుంటుంది. వెడల్పు ఎక్కువ కాబట్టి ఎదురుగా పత్తి ట్రాక్టరో, ఇసుక లారీయో వస్తే అంచుకు దిగక తప్పదు. ఇక చప్టా మీద నీళ్లు పారుతుంటే రెండు చక్రాలైనా, మూడైనా దాటే ప్రయత్నం చేయకూడదు. 2022 జులైలో గోదావరి భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటిన రోజుల్ని ఇక్కడివాళ్లు ఎలా మరిచిపోతారు?

అలాగని అడవికి ఈ బండ్లు పనికిరావని కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ అడవుల్లో పక్కన తొట్టి కట్టిన మోటారు సైకిళ్లే గర్భిణుల్ని ఆస్పత్రులకు చేర్చాయి. పొరుగునున్న ఆంధ్రప్రదేశ్ కూడా 2018లో ఏజెన్సీ ప్రాంతాలకు ఫీడర్ అంబులెన్సుల పేరుతో బైక్ అంబులెన్సులు తెచ్చింది. డోలీ మోతలే దిక్కైన చోట జీపు వెళ్లలేని దారిలో బైకు వెళ్లడం చిన్న విషయం కాదు. అయితే వాటిని నడిపేవారు జంకుతూ నడిపేవారు కాదు, చేయి తిరిగినవారు.

చట్టం ఎవరి పక్షం?

చెట్టు కింద కూర్చున్న అక్క అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. 'మా బండికి కూడా చక్రాలు పెట్టించుకోవచ్చా?'

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ తయారుచేసిన తీరుకు భిన్నంగా బండిని మార్చకూడదు. వికలాంగులకు మాత్రం మినహాయింపు ఉంది. ఇదివరకు చట్టంలో 'ఇన్‌వాలిడ్ క్యారేజ్' అనే మాట ఉండేది. 2019 సవరణతో అది 'అడాప్టెడ్ వెహికల్'గా మారింది. శారీరక వైకల్యం ఉన్న మనిషి కోసం ప్రత్యేకంగా తయారుచేసిన లేదా మార్పు చేసిన బండి అని దానికి అర్థం. ఆ మనిషి కోసమే వాడాలి. రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. ఆర్సీలో మార్పు నమోదు కావాలి. లైసెన్సు కూడా ఆ తరగతిదే తీసుకోవాలి.

కాబట్టి కాలు లేనివారికి చక్రాలు హక్కు. కాలుండీ భయపడేవారికి కాదు. ఏ వెల్డింగ్ షాపులోనో చట్రం కట్టించుకుని తిరిగితే పోలీసులు ఆపడం ఒక్కటే సమస్య కాదు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర చిక్కులొస్తాయి. అతుకు ఊడితే ప్రాణాలకే ముప్పు. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్లాలంటే మధ్యలో ఆంధ్రప్రదేశ్‌లోని ఎటపాక మీదుగా వెళ్లాలి. అరగంట ప్రయాణంలో రెండు రాష్ట్రాలు! కాగితాలు పక్కాగా ఉండటం ఇక్కడ మరీ అవసరం.

అర్హులైనవారికి ప్రభుత్వ సాయమూ ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ వికలాంగుల కార్పొరేషన్ల ద్వారా మోటారు మూడు చక్రాల బండ్లు ఇస్తున్నారు. కేంద్రం 'అడిప్' పథకం కింద కాన్పూర్‌లోని అలింకో తయారుచేసిన బ్యాటరీ ట్రైసైకిళ్లు అందిస్తోంది. వైకల్య ధ్రువపత్రం తప్పనిసరి. ప్రకటన వెలువడినప్పుడు దరఖాస్తు చేసుకోవాలి. జిల్లా సంక్షేమ కార్యాలయంలో ముందే వివరాలు కనుక్కుని ఉంచుకుంటే గడువు దాటిపోయిందని బాధపడాల్సిన పని ఉండదు. మద్రాస్ ఐఐటీ అండతో పుట్టిన నియోమోషన్ సంస్థ 'నియోబోల్ట్' తెచ్చింది. చక్రాల కుర్చీకి ముందు తగిలిస్తే చాలు, మూడు చక్రాల బండి అయిపోతుంది. గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లు. ఒకసారి ఛార్జింగ్ చేస్తే దాదాపు అంతే దూరం. భద్రాచలం పట్టణంలో తిరగడానికి భేషుగ్గా సరిపోతుంది. పర్ణశాల వెళ్లి రావాలంటే మాత్రం మధ్యలో ప్లగ్గు వెతుక్కోవాల్సిందే.

మరి భయస్తుల మాటేమిటి?

వైకల్యం లేకుండా భయం మాత్రమే ఉన్నవారికి ఇప్పుడో దారి తెరుచుకుంటోంది. ఫ్యాక్టరీలోనే మూడు చక్రాలతో తయారైన ఎలక్ట్రిక్ స్కూటర్లు మన మార్కెట్లోకి వస్తున్నాయి. కొమాకి సంస్థ 2025లో 'ఫ్యామ్' పేరుతో అలాంటివి తెచ్చింది. పెద్దవాళ్లు, కుటుంబాలు వాటి లక్ష్యం. కొనేముందు మూడు ప్రశ్నలు అడగాలి. మలుపులో వాలుతుందా, నిటారుగానే ఉంటుందా? రిజిస్ట్రేషన్ ఏ తరగతిలో అవుతుంది, దానికి ఏ లైసెన్సు కావాలి? చెడిపోతే బాగుచేసే మనిషి కొత్తగూడెంలో ఉన్నాడా, హైదరాబాద్ వెళ్లాలా?

ఇవేవీ కాకుండా ఖర్చు లేని దారి కూడా ఒకటుంది. భయాన్ని మెల్లగా, పద్ధతిగా పోగొట్టుకోవడం.

* మన గేరులేని స్కూటర్లలో చాలావాటి సీటు ఎత్తు 76-77 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. వేళ్లు మాత్రమే తగిలితే ఆ బండి మీకు కాదు.

* మొదటి రెండు రోజులు ఇంజిన్ ఆన్ చేయొద్దు. స్కూలు మైదానంలో బండి మీద కూర్చుని కాళ్లతో నెట్టుకుంటూ వెళ్లాలి. బరువు ఎటు లాగుతోందో ఒంటికి తెలియాలి.

* ఆ తర్వాత నేర్చుకోవాల్సింది వెళ్లడం కాదు, ఆగడం. పది అడుగులు వెళ్లి ఆగాలి. మళ్లీ పది అడుగులు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీలోపు బండ్లన్నింటికీ రెండు చక్రాల బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరి. కొత్తవారికి అది మంచి అండ.

* చూపు ముందు చక్రం మీద కాదు, వెళ్లాల్సిన చోటు మీద ఉండాలి. గుంతనే చూస్తే గుంతలోకే వెళ్తాం.

* నేర్పే మనిషిని జాగ్రత్తగా ఎంచుకోవాలి. 'ఇంత కూడా రాదా?' అనే మొగుడి కంటే ఓపికున్న పక్కింటి అమ్మాయి వెయ్యి రెట్లు మేలు.

* హెల్మెట్ మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి. వెనక మనిషిని ఎక్కించుకోవడం చిట్టచివరి పాఠం.

పక్క చక్రాల బండి నడిపేవారికి కూడా నేర్చుకోవాల్సినవి ఉన్నాయి. మలుపు రాకముందే వేగం తగ్గించాలి. మలుపులో బ్రేకు వద్దు. ఒంటిని మలుపు లోపలివైపు వంచాలి. బరువు వీలైనంత కిందికి, మధ్యలోకి ఉండేలా చూసుకోవాలి. చట్రం బోల్టులు, అతుకులు వారానికోసారి చూసుకోవాలి. మొరం రోడ్డు వాటిని వదులు చేస్తుంది.

సాయంత్రం... తిరుగు దారి

దర్బార్ ముగుస్తుంది. అర్జీ తీసుకున్నారు. పని అవుతుందో లేదో మళ్లీ సోమవారం వస్తేగానీ తెలియదు. ఊతకర్రలు బండికి కట్టుకుని అతను ఎక్కుతాడు. పొద్దు వాలకముందే మొరం రోడ్డు దాటేయాలి. గేటు దగ్గర మలుపులో నడక వేగానికి దిగి, ఒంటిని కాస్త లోపలికి వంచి తిప్పుకుంటాడు. ఎవరూ నేర్పలేదు. ఒకటి రెండుసార్లు పడి నేర్చుకున్న పాఠం అది.

చెట్టు కింది అక్క కొడుకు ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే 'వస్తున్నానమ్మా' అన్నాడు. అది గంట క్రితం మాట. ఆమె వెళ్లిపోతున్న బండి వంక చూస్తూనే ఉంది. అతనికి మూడో చక్రం కావాలి. ఆమెకు కావాల్సింది ఓ ఖాళీ మైదానం, పది ఉదయాలు, ఓపికగా పక్కన నడిచే ఓ మనిషి.

అడవి అంచున ఇద్దరి అవసరమూ ఒక్కటే... ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఇల్లు చేరడం!